అరకు పాత టోపోషీట్లు: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ అనుమానించాలి

టోపోషీటు అంటే ఎత్తుపల్లాలు, నీళ్లు, ఊళ్లు, దారులు చూపే సర్వే పటం. సర్వే ఆఫ్ ఇండియా లెక్కల్లో అరకులోయ షీటు నంబరు 65 జె/15. బొర్రా గుహలు దాని తూర్పు షీటు 65 ఎన్/3లో ఉంటాయి, పాడేరు 65 జె/12లో. 65 అంటే 16–20 డిగ్రీల ఉత్తర అక్షాంశాలకూ 80–84 డిగ్రీల తూర్పు రేఖాంశాలకూ మధ్య ఉన్న పెద్ద గడి. దాన్ని డిగ్రీకి ఒకటి చొప్పున పదహారు గడులు చేసి ఏ నుంచి పి వరకు అక్షరాలు ఇచ్చారు. ఒక్కో గడిని పదిహేను నిమిషాల చొప్పున మళ్లీ పదహారు చేసి అంకెలు వేశారు. అక్షరాలైనా అంకెలైనా వాయవ్య మూలలో మొదలై కిందికి దిగుతాయి, పక్కకు పోవు. అందుకే 15కి దక్షిణాన 16 ఉంటుంది కానీ పడమర ఉండేది 14 కాదు, 11. పక్క షీటు కావాలని పక్క అంకె అడిగితే వేరే కొండలు చేతికొస్తాయి.

ఈ అక్షాంశం దగ్గర ఒక షీటు నేల మీద ఉత్తర దక్షిణాలుగా సుమారు 27.7 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 26.4 కిలోమీటర్లు కప్పుతుంది. అంటే 730 చదరపు కిలోమీటర్ల చిల్లర. మైలుకు అంగుళం చొప్పున గీసిన పాత షీట్లో (1:63,360) బొమ్మ భాగం సుమారు 43.7 x 41.7 సెంటీమీటర్లు, తరవాతి మెట్రిక్ షీట్లో (1:50,000) 55.3 x 52.8. ఈ కొలతలు కాగితం మీద రాసిపెట్టుకోవాలి. స్కాన్ చేసే ముందు షీటు ఎంత కుంచించుకుపోయిందో తేల్చేవి ఇవే.

పాత పటం అనగానే అందరూ ఒకే పటం గురించి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఈ కొండల మీద నాలుగైదు తరాల పటాలున్నాయి, వాటి లక్షణాలు వేరువేరు. విశాఖ ఏజెన్సీ, జయపురం కొండల్లో మైలుకు అంగుళం స్థాయి సర్వే 19వ శతాబ్దం మధ్యలో గంజాం–ఒరిస్సా టోపోగ్రాఫికల్ సర్వే పేరుతో జరిగింది. ఆ కాలపు సమాచారం నాలుగు మైళ్లకు అంగుళం చొప్పున ఇండియన్ అట్లాస్ షీట్లలోకి ఎక్కింది. వాటిలో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉండవు. వాలును చిన్న చిన్న గీతలతో నీడలా చూపిస్తారు. కొండ ఎటు వాలిందో తెలుస్తుంది గానీ ఎంత ఎత్తో తెలియదు. 1905 తరవాత మొదలైన రంగుల షీట్లతో ఎత్తులు కొలవదగ్గ పటం వచ్చింది. గోధుమ రంగు కాంటూర్లు, నీలం నీళ్లు, ఎరుపు దారులూ ఊళ్లూ, పచ్చ అడవి, పసుపు సాగు అనే పద్ధతి అప్పటిదే. 1950ల తరవాత మెట్రిక్ కొలతలకు మారి 1:50,000 షీట్లు వచ్చాయి. 1950ల్లోనే అమెరికా సైన్యం పటాల విభాగం 1:2,50,000 స్థాయిలో దేశమంతా అచ్చువేసింది. యూ502 అనే ఆ వరుసలో అరకు ఉన్న షీటు ఎన్‌ఈ 44-8. టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ ఆ వరుసను ఉచితంగా అందుబాటులో పెట్టింది. 2005 జాతీయ పటాల విధానం తరవాత వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్ల నంబర్లు వేరు. అరకు ప్రాంతానివి ఈ44తో మొదలవుతాయి. వాటి ఆధార గోళం (భూమి ఆకారానికి లెక్కలో తీసుకున్న గోళం) కూడా ఎవరెస్ట్ నుంచి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కు మారింది, దాని సంగతి కింద వస్తుంది.

షీటు చేతికొచ్చాక మొదట చదవాల్సింది లోయను కాదు, అంచును. అచ్చయిన సంవత్సరం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, సర్వే చేసిన సంవత్సరం చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండింటి మధ్య ఇరవై ముప్ఫై ఏళ్లు ఉండటం మామూలే. కొన్ని పునర్ముద్రణల్లో రోడ్లు, రైలు మార్గం, సరిహద్దులు మాత్రమే దిద్ది, ఊళ్లూ అడవీ పాత సర్వేలోవే ఉంచేస్తారు. అంచులో చిన్న పెట్టెలా ఉండే సంకలన సూచిక షీటులో ఏ ముక్క ఏ సర్వేదో చెబుతుంది. దాన్ని వదిలేసి 'ఫలానా సంవత్సరంలో ఇక్కడ అడవి ఉంది' అని రాసేస్తే, ఆ వాక్యంలోని సంవత్సరం ప్రింటింగ్ ప్రెస్సుదే తప్ప అడవిది కాదు.

తేదీని షీటు లోపలి నుంచే పరీక్షించే గుర్తులు ఈ లోయలో అదృష్టవశాత్తూ గట్టివే ఉన్నాయి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం 1960ల్లో వేసింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసిన ఈ లైను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషన్ దాటి అరకు చేరుతుంది. షీట్లో రైలు పట్టా ఉంటే అది ఆ దశకానికి ముందరి ముద్రణ కాదు. పడమర పక్క షీట్లో జోలాపుట్ జలాశయం మరో గుర్తు. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం, ఈ జలాశయం నీటితో నడిచేది, 1955లో మొదలైంది. అంతకు ముందరి సర్వేలో ఆ చోట నీలం మడుగు ఉండదు. లోయ అడుగు, అందులో వంకలు తిరిగే నది, పసుపు రంగు పొలాలు, ఊళ్ల పేర్లు ఉంటాయి. ఇవాళ నీళ్ల కింద ఉన్న నేల ఆకృతికి మిగిలిన ఆధారాల్లో ఆ షీటు ముఖ్యమైనది. మూడోది సరిహద్దు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి, కోరాపుట్ ప్రాంతం పాత విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది. దానికి ముందరి షీట్లలో అరకుకూ కోరాపుట్‌కూ మధ్య ప్రావిన్సుల గీత కనపడదు.

అసలు చిక్కు కాంటూర్ల దగ్గర వస్తుంది. పాత అంగుళం షీట్లను ప్లేన్‌టేబుల్‌తో గీశారు. ముక్కాలి పీట మీద పలక, దాని మీద ముందే అక్షాంశ రేఖాంశాలూ ట్రయాంగ్యులేషన్ బిందువులూ (త్రిభుజాలతో కొలిచి స్థానం తేల్చినవి) పెట్టిన కాగితం, చూపు కలపడానికి అలిడేడ్, వాలు కొలవడానికి క్లైనోమీటర్. సర్వేయరు ఒక చోట పలక నిలిపి, స్థానం ముందే తెలిసిన మూడు కొండలకు చూపు కలిపి, ఆ గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ తన స్థానం పెట్టుకుంటాడు. ఎదురుగా కనపడే ఊరు, గెడ్డల (కొండవాగుల) కలయిక, మలుపు, కనుమలకు చూపు గీతలు లాగుతాడు. మరో చోటికి నడిచి అదే పని మళ్లీ చేస్తాడు. రెండు చోట్ల నుంచి లాగిన గీతలు కలిసిన చోట ఆ వస్తువు స్థిరపడుతుంది. ఎత్తు క్లైనోమీటర్ కోణం నుంచీ దూరం నుంచీ లెక్క కట్టుకుంటాడు. ఈ స్థిరపడ్డ బిందువుల మధ్య కాంటూర్లను కళ్లతో చూస్తూ చేత్తో నింపుతాడు.

దీన్ని బట్టి షీట్లో ఏది గట్టిదో అర్థమవుతుంది. లోయ అడుగు గట్టిది, సర్వేయరు అక్కడ నడిచాడు కాబట్టి. శిఖరాలూ గట్టివే, అవి చూపు కలపడానికి వాడినవే కాబట్టి. గాలికొండ లాంటి ఎత్తైన కొండ చుట్టుపక్కల చాలా చోట్ల నుంచి కనపడుతుంది. మధ్య వాలులో మాత్రం పటం బలహీనం. దట్టమైన అడవిలో పది గజాల అవతల ఏముందో కనపడదు, పలక నిలిపినా చూపు కలపడానికి కొండ దొరకదు. అక్కడ గీసిన కాంటూర్ కొలత కాదు, అనుభవం ఉన్న మనిషి ఊహ. చిన్న చిన్న గెడ్డలు చెరిపేసినట్టు, వాలు నున్నగా, కాంటూర్ల మధ్య దూరం అనుమానం పుట్టించేంత సమానంగా ఉన్న చోట్లన్నీ ఈ కోవలోవే.

దీని ఫలితం ఎంతో చూద్దాం. 30 డిగ్రీల వాలు మీద 50 అడుగుల కాంటూర్ల మధ్య నేల మీద అడ్డదూరం 26 మీటర్లు. అంగుళం షీట్లో అది 0.42 మిల్లీమీటర్లు. గీత మందాన్ని తీసేస్తే మధ్యలో మిగిలేది పెన్సిల్ మొనంత. నిటారు కొండల్లో అందుకే 100 అడుగుల అంతరం వాడతారు. ఏది వాడారో అంచులో చూసుకోవాలి. ఇలాంటి కాంటూర్లను డిజిటైజ్ చేసి, వాటి నుంచి ఎత్తుల నమూనా తయారుచేసి, 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులతో తీసివేత చేసే అలవాటొకటి ఉంది. తేడా కనపడిన చోటల్లా కోత, కొండచరియ అని రంగులేస్తారు. మధ్య వాలులో నలభై యాభై అడుగుల తేడా కనపడితే అది సర్వేయరు ఊహకూ రాడార్ కొలతకూ మధ్య తేడా కావడానికే అవకాశం ఎక్కువ. పైగా ఆ రాడార్ చెట్ల కింది నేలను పూర్తిగా చూడదు, కొమ్మల్లోనే ఎక్కడో ఆగుతుంది. కాఫీకి నీడగా పెంచిన సిల్వర్ ఓక్ తోటలున్న చోట నేల 'పెరిగినట్టు' తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇలాంటి తీసివేతను లోయ అడుగుకే పరిమితం చేస్తే కొంత అర్థం ఉంటుంది. వాలు మీద దాన్ని చెయ్యకపోవడమే మేలు.

గెడ్డల విషయంలో మరో జాగ్రత్త. ఏజెన్సీ జ్వరాల భయం వల్ల సర్వే బృందాలు వానాకాలంలో కొండెక్కేవి కావు, పని పొడి నెలల్లోనే సాగేది. సర్వే ఆఫ్ ఇండియా పద్ధతిలో ఏడాదంతా నీరుండే ప్రవాహం నీలం, ఎండిపోయేది నలుపు. మార్చిలో చూసి నల్లగా గీసిన గెడ్డలో డిసెంబరు దాకా నీళ్లు పారుతుండవచ్చు. పాత షీట్లో నీలం, కొత్త షీట్లో నలుపు కనిపిస్తే ఊట ఎండిపోయిందని వెంటనే తేల్చకూడదు. ముందు రెండు సర్వేల నెలలు కనుక్కోవాలి. ఒడ్డు పక్కన 3ఆర్, 5ఆర్ లాంటి అంకెలుంటే అవి సముద్రమట్టం నుంచి ఎత్తులు కావు, ఆ గట్టు లేదా కోత పక్క నేల కంటే ఎంత ఎత్తో లోతో చెప్పే అంకెలు. పాత షీట్లో అడుగుల్లో, మెట్రిక్ షీట్లో మీటర్లలో.

అడవి, పోడు దగ్గర పటాన్ని తప్పుగా చదవడం మరీ ఎక్కువ. పచ్చ రంగు చెట్లున్న చోటును చెబుతుంది, అటవీశాఖ హక్కును కాదు. రిజర్వు అడవికి హద్దు గీత వేరుగా ఉంటుంది. పచ్చ మీద చిన్న అక్షరాల్లో 'దట్టమైన మిశ్రమ అడవి', 'పలచని మిశ్రమ అడవి', 'పలచని పొదలు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్కలు అచ్చయి ఉంటాయి. రంగు కంటే వాటికే విలువ ఎక్కువ. పోడు కొట్టి రెండు మూడేళ్లు పండించి, కొన్నేళ్లు బీడు వదిలి, మళ్లీ అదే వాలుకు తిరిగొచ్చే పద్ధతికి పటంలో చోటు లేదు. సర్వేయరు వచ్చిన ఏడాది పంట ఉంటే పసుపు, బీడు ఉంటే తెలుపు లేదా పొదలు, పదేళ్ల బీడైతే పచ్చ. ఒకే చక్రంలోని మూడు దశలు మూడు రకాల భూములుగా అచ్చవుతాయి. రెండు షీట్ల మధ్య పచ్చ ఎంత తగ్గిందో లెక్కగట్టి 'అడవి నాశనం' శాతం చెప్పే అధ్యయనాలు ఈ ఒక్క కారణంతోనే బలం కోల్పోతాయి. గెడ్డ వెంబడి మెట్లుగా కట్టిన వరిమళ్లు మాత్రం నమ్మకంగా పోల్చదగ్గవి. అవి ఏటేటా చోటు మారవు, లోయ అడుగునే ఉంటాయి, సర్వేయరు నడిచిన దారి పక్కనే ఉంటాయి.

గూడేల గుర్తులు ఓపిగ్గా చూడాలి. నివాసమున్న ఊరు నిండు ఎరుపు, ఖాళీ అయిన ఊరు గీత మాత్రమే. శాశ్వత గుడిసెకూ తాత్కాలిక గుడిసెకూ గుర్తులు వేరు. లెజెండులో (గుర్తుల పట్టికలో) పక్కపక్కనే ఉంటాయి కనుక తికమకపడటం తేలిక. ఈ కొండల్లో ఊరు మారినప్పుడు పేరును వెంట తీసుకెళ్లడం ఉంది. కాబట్టి పాత షీట్లో ఒక పేరు ఇవాళ్టి ఊరికి కిలోమీటరు అవతల కనిపిస్తే పటం తప్పని అనుకోనక్కర్లేదు. దానికి తోడు గుడ, పుట్, వలస అని ముగిసే పేర్లు ఒకే షీట్లో ఒకటికి రెండుసార్లు రావచ్చు. ఒడియా, కువి, తెలుగు పలుకుబడులు ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగి మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి రూపు మారిపోతాయి. పేరు పట్టుకుని వెతక్కుండా గెడ్డల కలయిక, కొండ భుజం, దారి చీలిక పట్టుకుని వెతికితే ఊరు దొరుకుతుంది. పేరును చివర్న సరిచూసుకోవచ్చు.

ఇక పటాన్ని కంప్యూటర్లో అసలు చోట కూర్చోబెట్టడం. 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కల) స్కాన్‌లో అంగుళం షీటు ఒక పిక్సెల్‌కు నేల మీద 4 మీటర్లు వస్తుంది, అది చాలు. అంతకు మించితే కాగితం పీచు కనపడుతుందే తప్ప కొత్త సమాచారం రాదు. షీటును ముందు కొలవాలి. బొమ్మ ఎత్తు 43.7 సెంటీమీటర్లకు బదులు 43.3 ఉంటే కాగితం ఒక శాతం దగ్గర్లో కుంచించుకుపోయింది. సరిదిద్దకపోతే ఈ చివర నుంచి ఆ చివరకు 250 మీటర్ల తప్పు. గుడ్డ మీద అతికించి మడతల దగ్గర కోసిన షీట్లు ఇంకో రకం. ముక్కకూ ముక్కకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. వాటిని ఒకే బొమ్మగా సాగదీస్తే ప్రతి మడత దగ్గరా పటం వంద మీటర్ల దాకా పక్కకు జరిగిపోతుంది. ముక్కలు విడదీసి దేనికది కూర్చోబెట్టడం తప్ప మార్గం లేదు.

షీటు మీద అయిదు నిమిషాల అంతరంలో అక్షాంశ రేఖాంశాలు కలిసే బిందువులు అంచులతో కలిపి పదహారు ఉంటాయి. పదహారూ వాడాలి. నాలుగు మూలలతో సరిపెడితే తప్పెక్కడుందో కనపడదు. క్యూజీఐఎస్‌లో (పటాల పనికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) జియోరిఫరెన్సర్ తెరిచి, ఆధార పద్ధతిగా డబ్ల్యూజీఎస్ 84 కాకుండా ఎవరెస్ట్ గోళం మీది కల్యాణ్‌పూర్ 1975 (ఈపీఎస్‌జీ కోడ్ 4146) ఎంచుకుని, అంచులో అచ్చయిన డిగ్రీలను యథాతథంగా ఇవ్వాలి. ఎక్కువ మంది పని చెడగొట్టుకునేది ఈ మెట్టు దగ్గరే. పాత షీటు డిగ్రీలను డబ్ల్యూజీఎస్ డిగ్రీలనుకుని ఇచ్చేస్తే అరకు దగ్గర అంతా 200 మీటర్లకు పైగా, చాలావరకు తూర్పుకూ కొంచెం దక్షిణానికీ జరిగిపోతుంది. లోయ పెద్దది కనుక చూపుకు సరిపోయినట్టే ఉంటుంది. దగ్గరకెళ్తే గెడ్డలు కొండెక్కుతాయి. సాఫ్ట్‌వేర్ మార్పు సంఖ్యలు అడిగితే 295, 736, 257 మీటర్లు అని ఇచ్చే మూడు పరామితుల మార్పు ఈ స్థాయి పటానికి సరిపోతుంది. షీటు పాలీకోనిక్ (భూమి వంపును కాగితం మీదకు దించే ఒక పద్ధతి) ప్రొజెక్షన్‌లో గీసినదే గానీ ఒక్క షీటు వెడల్పులో అక్షాంశపు వంపు కాగితం మీద పదో వంతు మిల్లీమీటరు కూడా రాదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మార్పు సూత్రంగా, పటాన్ని వంచకుండా జరిపి, తిప్పి, సాగదీసే మొదటి డిగ్రీ పాలినోమియల్‌తో మొదలుపెట్టాలి. మిగిలిన తేడాలు అర మిల్లీమీటరు, అంటే 30 మీటర్ల లోపుంటే అక్కడితో ఆగవచ్చు. కాగితం అలలు తిరిగి ఉంటే వంపులను కూడా సరిచేసే రెండో డిగ్రీ. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే సూత్రం మాత్రం మోసం చేస్తుంది. ఇచ్చిన ప్రతి బిందువునూ లాగి సరిపెట్టి తేడా సున్నా చూపిస్తుంది, ఒక బిందువు డిగ్రీలు తప్పుగా కొట్టినా సరే. పని అయ్యాక పరీక్షకు శిఖరాలూ గెడ్డల కలయికలూ తీసుకోవాలి. రోడ్డు మలుపులు వద్దు, ఘాట్ రోడ్లను వెడల్పు చేసినప్పుడు మలుపులు చోటు మారతాయి. 19వ శతాబ్దపు షీటైతే ఇంకో మెట్టు ఉంది. దేశపు రేఖాంశాలకు ఆధారమైన అప్పటి మద్రాసు రేఖాంశం విలువను 1905లో సుమారు 2 నిమిషాల 27 సెకన్లు తగ్గించారు. అరకు దగ్గర అది 4.3 కిలోమీటర్లు. పటమంతా ఒకేలా తూర్పుకు జరిగి కనిపిస్తే కారణం ఇదే. అంచులో సవరణ గమనిక ఉందేమో ముందు చూడాలి.

ఇంత చేశాక షీటు దేనికి పనికొస్తుందన్నది స్థాయిని బట్టి ఉంటుంది. ఎకరం నేల చతురస్రంగా ఉంటే భుజం 63.6 మీటర్లు. అంగుళం షీట్లో అది ఒక్క మిల్లీమీటరు, మెట్రిక్ షీట్లో 1.3 మిల్లీమీటర్లు. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కోరేవారు పాత టోపోషీటు జతచేయడం ఉంది. నియమాలు పటాలను ఆధారాల్లో ఒకటిగా ఒప్పుకుంటాయి కూడా. షీటు బలం ఏమిటంటే, ఫలానా సర్వే నాటికి గూడెం అక్కడే ఉందని, దానికి దారి ఉందని, చుట్టూ సాగు ఉందని చూపడం. ఎవరి పొలం చెక్క ఎక్కడిదో అది చూపలేదు. చూపిస్తున్నట్టు గీత గీసి ఇస్తే గీత మందమే పాతిక మీటర్లు తింటుంది, ఎదుటి పక్షానికి అభ్యంతరం చెప్పడం సులువవుతుంది. ముత్తాల (ముత్తాదారు చేతి కింద ఉండే గ్రామాల గుంపుల) రద్దు, రైత్వారీ సెటిల్‌మెంట్ రెగ్యులేషన్లు 1969–70లో వచ్చాయి. అంతకు ముందు ఏజెన్సీలో చాలా గ్రామాలకు పొలం పొలం కొలిచిన పటమే లేదు. అందువల్ల గ్రామం ఉనికి వరకైనా ఈ షీట్లను వదులుకోలేం.

రాష్ట్రాల సరిహద్దు మీద మాత్రం షీటును సాక్షిగా నిలబెట్టడం కష్టం. సాలూరు, కోరాపుట్ మధ్య ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ తమవనే కొటియా గ్రామాల వివాదంలో రెండు పక్కల వాళ్లూ పటాలు చూపగలరు. నేల మీద రాళ్లు పాతని సరిహద్దుకు గుర్తు వేరుగా ఉంటుంది, అది లెజెండులో చూసుకోవాలి. సర్వేయరు సరిహద్దును కొలవలేదు, తనకిచ్చిన వర్ణనను పటం మీదకు ఎక్కించాడు. వర్ణనలో 'కొండ వెన్ను వెంట' అని ఉంటే గీత కాంటూర్ల మీద ఆధారపడుతుంది. ఆ వెన్ను దట్టమైన అడవిలో ఉంటే గీత ఎంత గట్టిదో పైన చెప్పిన లెక్కతోనే తేల్చుకోవచ్చు.